ఒట్టు తీసి గట్టు మీద

మా అయ్యకు కొంచెం నలతగా ఉందని కార్డు వచ్చింది. మా ఉద్దానంలో కొంచెం నలతగా ఉంటే వైద్యుడికి కబురు పెడతారు గాని, దూరాన కాలేజీలో చదువుకుంటున్న కొడుక్కి పెట్టరు. అంచేత ఆ ఒక్క ముక్క చదవగానే మా అయ్య పోయాడని నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా, రైల్లో పలాస దాకా ‘నలతే కదా, నలతే కదా’ అని చక్రాలతో పాటు అనుకుంటూ వచ్చాను. స్టేషను బయట మా పక్క తోట మావ బండి కట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇంక అడగడానికి ఏమీ లేదు. అయినా అడిగాను, ఎలా ఉన్నాడని.

“బాగున్నాడ్రా. ఇంక ఆడికేటీ నొప్పి నేదు,” అన్నాడు.

పోయినవారి గురించి రాసేటప్పుడు వారి సద్గుణాలు ముందుగా చెప్పడం మర్యాద. పాఠక మహాశయులారా, మా అయ్యకు సద్గుణాలు చాలా ఉండేవి. అన్నీ పొద్దుటి పూట ఉండేవి. తెల్లారకుండా లేచి కొబ్బరి మొక్కల మొదట్లో గుప్పెడేసి ఉప్పు వేసి, ఒక్కో మొక్కనూ ‘ఏటమ్మా, ఎలాగున్నావు’ అని పలకరించేవాడు. కొత్తాకు విప్పిన మొక్క ఉంటే మమ్మల్ని లేపి తీసుకెళ్ళి చూపించేవాడు. కొబ్బరాకు చీల్చి బూర చేసేవాడు, పాము చేసేవాడు, తిరగలి చేసేవాడు. ముందు రోజు సాయంత్రం ఎంత గట్టిగా కొడితే మర్నాటి బొమ్మ అంత బాగుండేది. మా చూరులో ఎండిపోయిన ఆకు పాములు చూసి వచ్చినవాళ్ళు, మీ అయ్యకి పిల్లలంటే ఎంత ప్రేమో అనేవారు. నిజమే. పొద్దు తాటిచెట్ల నెత్తి మీదికి వచ్చేసరికి ఆ సద్గుణాలన్నీ మా అయ్యతో కలిసి కల్లుపాక వైపు నడిచేవి. దీపాలు పెట్టే వేళకి మా అయ్య ఒక్కడే తిరిగొచ్చేవాడు. అవి అక్కడే ఉండిపోయేవి.

నా ఏడో ఏట ఒక సాయంత్రం, బడి ఎందుకు ఎగ్గొట్టావని అడిగాడు. ఆ రోజు నేను బడికెళ్ళాను. ఆ ఏడాది నేను బడికెళ్ళిన బహు కొద్ది రోజుల్లో అదొకటి. పలక తెచ్చి చూపించాను. పంతులు దిద్దించిన అక్షరాలు ఇంకా చెరగలేదు. మా అయ్య పలకను వెనక్కి తిప్పి చూసి, దీని మీద ఏటీ నేదన్నాడు. తరవాత కొబ్బరి మట్ట అందుకున్నాడు. మట్ట దెబ్బ ఎరగని పట్నవాసపు పాఠకులకు మనవి: దానికి రెండంచులుంటాయి, రెండూ పనిచేస్తాయి.

మర్నాడు పొద్దున్న నా వీపు చూసి, ఎవులు కొట్టినారని అడిగాడు. మా అమ్మ మూలనున్న మట్టకేసి చూసింది. మా అయ్య వెళ్ళి ఆకు కోసుకొచ్చి బూర చేశాడు. అది నా చేతిలో పెట్టి, తన చెయ్యి నా నెత్తి మీద పెట్టాడు.

“నీ మీద ఒట్టురా. మరి ముట్టను.”

మా అమ్మ చేతిలో చేట పారేసి పరిగెత్తుకొచ్చింది. ఒట్టేసి తప్పితే, ఎవరి తల మీద వేశారో ఆ తలకే తగులుతుందని మా వైపు నమ్మకం. జ్వరమో, పామో, నీటి గండమో, ఏదో ఒకటి వెతుక్కుంటూ వస్తుంది. గుంటడి తల మీదెందుకు, నీ తల మీదేసుకోమని నెత్తీ నోరూ బాదుకుంది.

“నా మీదేసుకున్నవి ఎన్ని తప్పినానో నీకు తెలీదేటి?” అన్నాడు మా అయ్య. “నా తల ఒట్టుకి పనికిరాదు. నిలబడాలంటే మంచి తల కావాల.”

నాది మంచి తల అన్నవాడు ఇంతవరకు మా అయ్య ఒక్కడే. యూనివర్సిటీ వారి పరీక్షాధికారులు ఎవరూ ఆయనతో ఏకీభవించలేదు.

ఆ ఒట్టు మూడు రోజులు నిలిచింది. నాలుగో రోజు పొద్దున్న చేతులు వణికి, మంచినీళ్ళ చెంబు నోటి దాకా పోక, నీళ్ళన్నీ గుండె మీద పోసుకున్నాడు. నన్ను రమ్మని సైగ చేసి మా మడి గట్టు మీదికి తీసుకెళ్ళాడు. నా కళ్ళకి తన కళ్ళు సమంగా వచ్చేలా గొంతుక్కూర్చున్నాడు.

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టీ, నాయినా.”

ఇది పిల్లల మాట. ఆటలో ఎవడో ఒట్టేస్తాడు, కాసేపటికి అది ఇబ్బంది అవుతుంది. అప్పుడు ఎవడి మీద ఒట్టుందో వాడు ‘ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను’ అంటే చాలు, ఎవరికీ ఏమీ తగలదు, ఆట సాగుతుంది. మీసాలొచ్చిన మగవాడెవడూ ఆ మాటను పట్టించుకోడు. మా అయ్య పట్టించుకున్నాడు. మాట వరసకి గట్టంటే సరిపోదేమోనని నిజం గట్టు దగ్గరికే తీసుకెళ్ళాడు. ఆయన తాగుబోతు అన్నవాళ్ళున్నారు గాని, దైవభీతి లేనివాడని ఎవరూ అనలేదు.

నేను రెండు చేతులూ నెత్తి మీద పెట్టి, తలపాగా దింపినట్టు ఒట్టు దింపి, గడ్డి మీద పెట్టాను. మా అయ్య వంగి చూశాడు.

“సరిగ్గా పెట్టినావా? జారిపోదు కదా?”

పెట్టానన్నాను. లేచి మడి మధ్య నుంచే, వెనక్కి చూడకుండా కల్లుపాకకి వెళ్ళిపోయాడు.

ఆ విధంగా ఏడో ఏటనే నాకు ఉద్యోగం వచ్చింది. దొరతనం వారి అబ్కారీ ఇనస్పెక్టరు ఏడాదికోసారి అనుమతి ఇస్తాడు. నేను రోజూ ఇచ్చేవాణ్ణి. సాయంత్రం కొట్టడం, పొద్దున్న ఏడ్చి ఒట్టు వెయ్యడం, ఆపైన గట్టు. కొన్నాళ్ళకి మధ్యలో ఉండే మూడు రోజులు రెండయ్యాయి, రెండు ఒకటైంది, చివరికి ఒట్టూ గట్టూ ఒకే పొద్దుటి పని అయిపోయాయి. మా గట్టు మీద పేరుకున్న ఒట్లకి గడ్డి మొలవడం మానేస్తాదేమోనని పక్క తోట మావ నవ్వేవాడు.

ఉద్యోగం అన్నాక లంచం అలవాటవుతుంది. ఒకసారి ఆ మావ తోటలోనే ముదరని పనసకాయలు కోసి, కోసినవి తినలేక నేలకేసి కొట్టి పారేశాను. మావ కాయ ముక్కలు పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. పొద్దుటి వేళ, ఆ రోజు ఒట్టు ఇంకా నా నెత్తి మీదే ఉంది. మా అయ్య చింతబరికె తీశాడు. నేను పరిగెత్తలేదు. రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని, తియ్యమన్నావా, ఉంచమన్నావా అని నిదానంగా అడిగాను. బరికె కిందికి దిగిపోయింది. మావ నన్నూ, ఆయన్నూ మార్చి మార్చి చూశాడు.

“ఈడి పగ్గం నీ సేతిలో నేదురా బావా. నీ పగ్గమే ఈడి సేతిలో ఉన్నాది,” అని కాయ ముక్కలు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మా అయ్య సిగ్గుపడలేదు, ఆలోచించాడు. ఆ రోజు నాతో ఒక మాట అన్నాడు. దానికి తగిన మాట నేను తరవాత చదివిన పుస్తకాల్లో కూడా ఎక్కడా చూడలేదు. “పొద్దున్న సెయ్యి వణుకుతాది, సాయంత్రం బుర్ర వణుకుతాది. మరి నిన్ను ఎప్పుడు కొట్టాలిరా?”

పొద్దున్న చేసిన తప్పుకి దెబ్బ పడేది కాదు, సాయంత్రం పడే దెబ్బకి తప్పుండేది కాదు. ఈ రెండింటికీ ఏదో చుట్టరికం ఉంటుందని నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా తెలియదు. ఈలోగా నేను అందరితోనూ వేళాకోళాలాడడం నేర్చుకున్నాను. నవ్వించేవాణ్ణి సాయంత్రాలు కొంచెం తక్కువ కొడతారు.

టెక్కలిలో హైస్కూలు చదివి, ఆపైన కాలేజీకి వెళ్ళిపోయాక నా ఉద్యోగం మా చెల్లికి వచ్చింది. అది నాకంటే పదేళ్ళు చిన్నది. మా అయ్య దాన్ని కూడా గట్టు దగ్గరికి తీసుకెళ్ళి గొంతుక్కూర్చున్నాడట. మాట నేర్పాడట. అది రెండు చేతులూ నెత్తి మీద గట్టిగా అదిమి పట్టుకుని, తియ్యనందట. బెల్లం పెడతానన్నాడు. బారువ సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్ళి తెరచాపలు చూపిస్తానన్నాడు. గాజులన్నాడు.

“నా తల. నాను తియ్యను,” అందట.

ఆ రోజు మా అయ్య మొట్టమొదటిసారి పిల్లల తల మీది ఒట్టు తప్పి వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి మా చెల్లి చాప మీద చలిజ్వరంతో ఎగిరెగిరి పడుతోంది. ఆ నెలలో ఉద్దానం సగానికి చలిజ్వరమే. మా అయ్యకి ఆ సగం కనిపించలేదు. పిల్ల పాదాలు రెండూ తన గుండెకి ఆనించుకుని కూర్చుండిపోయాడట. ఆ తరవాత నెలా పదిహేను రోజులు కల్లుపాక వైపు తల తిప్పలేదు.

ఆ రోజుల్లోనే నేను సెలవులకి వచ్చాను. ఈ రాత రాయడానికి కారణం ఆ కొద్ది రోజులే. సాయంత్రం మా వాకిట్లోకి మా అయ్య నడిచి వచ్చాడు. పొద్దుటి మనిషి సాయంత్రం రావడం నేను ఎన్నడూ చూడలేదు. ఎవరో చుట్టం వస్తున్నాడనుకుని లేచి నిలబడ్డాను. చెల్లిని భుజం మీద ఎక్కించుకుని మమ్మల్ని బారువ తీసుకెళ్ళాడు. ఇసకలో పడవలు లాగుతుంటే తనూ ఒక చెయ్యి వేసి, ఊపిరాడక నవ్వాడు. ఇంటికొచ్చాక, నేను చదువుతున్న పుస్తకంలో ఏముందని మా అమ్మ అడిగింది. నీకు చెప్పినా ఒకటే, ఆ గేదెకి చెప్పినా ఒకటే అని నవ్వాను. కాలేజీలో ఇలాంటి వాటికి అందరూ నవ్వేవారు.

మా అయ్య వచ్చి నా చెంప మీద ఒక్కటి కొట్టాడు. ఒక్కటే. చెయ్యి వణకలేదు. తరవాత నా పక్కనే చతికిలబడ్డాడు.

“నొప్పెట్టిందేటి?”

ఔనన్నాను.

“నొప్పెట్టాలనే కొట్టినాను. కొట్టీసి మర్సిపోతే అది దెబ్బ కాదురా. కొట్టినోడికి గురుతుండాల.”

మర్నాడు పొద్దున్న మొక్కల దగ్గర ఉప్పు చల్లుతూ, మీ అమ్మకి పుస్తకంలో ఏటుందో సెప్పినావా అని అడిగాడు. ఆయనకి గుర్తుంది. ఆ రోజు బూర చెయ్యలేదు; అవసరం లేదు. పాఠక మహాశయులు నవ్వినా సరే, పద్దెనిమిదేళ్ళకి నేను చేసిన తప్పుకి పడిన మొదటి దెబ్బ అది, నేను దానికి ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. మా అయ్య నాకు తండ్రిగా ఉన్న రోజులు అవే. నేను తిరిగి రైలెక్కిన వారానికి అవి అయిపోయాయని మా అమ్మ రాయించిన కార్డు వచ్చింది.

ఆ తరవాతి ఏడాదంతా మా చెల్లికి జ్వరాలు. మా అయ్య ఒట్టు తప్పడం, దానికి జ్వరం రావడం, ఆయన మానెయ్యడం, అది కోలుకోవడం, ఆయన మళ్ళీ వెళ్ళడం. ఊళ్ళో అందరూ ఒట్టు మహిమ అన్నారు. వానాకాలం సెలవులకి వచ్చినప్పుడు నేను ఆ మహిమను కళ్ళారా చూశాను. మా అయ్య కల్లుపాకకి వెళ్ళిన గంటకి మా చెల్లి నూతి చుట్టూ ఉన్న పళ్ళెంలో, జోరున కురుస్తున్న వానలో, తడి బట్టతో కూర్చుని ఉంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. ఎత్తుకుని లోపలికి తెచ్చి, ఏం చేస్తున్నావని కేకలేశాను.

“జొరం ఒస్తే అయ్య ఎల్లడు కదా,” అంది.

మావాళ్ళు నాకు చెప్పించిన చదువంతా అప్పుడు బయటికి వచ్చింది. ఒట్లు తగలవనీ, అది మూఢనమ్మకమనీ, జ్వరం దోమల వల్ల వస్తుందనీ, ఒంటి మీద పది ఒట్లున్నా ఏమీ కాదనీ తల తుడుస్తూ చెప్పాను. అది అంతా విని తలూపింది.

“నాకు తెలుసు అన్నియ్యా. అయ్యకి తెలీదు కదా.”

ఎనిమిదేళ్ళ పిల్ల అది. ఏడో ఏట నేను మా అయ్య భయాన్ని అడ్డం పెట్టుకుని నా వీపు కాపాడుకున్నాను. అది అదే భయాన్ని పట్టుకుని ఆయన్ని కాపాడుతోంది, తన ఒళ్ళు పెట్టి.

ఈసారి జ్వరం దిగలేదు. బండి కట్టి టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కాంపౌండరు కడుపు నొక్కి చూసి, జ్వరాలకి బల్ల, అంటే ప్లీహం, పెరిగిపోయిందన్నాడు, క్వినైను పొట్లాలు ఇచ్చాడు. మా అయ్యకి వినపడకుండా నన్ను పక్కకి పిలిచి, ఇంకొక్క జ్వరం వస్తే ఈ పిల్ల నిలవదని చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో పిల్ల మా అమ్మ ఒడిలో పడుకుంది. మా అయ్య బండి వెనకాల నడుస్తున్నాడు. నేనూ దిగి ఆయనతో నడిచాను. నిజం చెప్పొచ్చు: అది కావాలని తడుస్తోందని. చెబితే ఆయన దాని మొహం ఎలా చూస్తాడు? చెప్పినా ఎన్నాళ్ళు ఆగుతాడు? ఆగనప్పుడల్లా అది నూతి దగ్గరికి పోతుంది. రోడ్డు పొడుగునా ఈ రెండూ తూచాను. మా ఊరి పొలిమేరలో, ఎవరిదో మడి గట్టు దగ్గర ఆయన్ని ఆపాను. చెల్లి మీద ఉన్న ఒట్టు నా మీదికి మార్చమన్నాను. ఆయన తెల్లబోయి, నా తల మీద చెయ్యి పెట్టాడు. వెంటనే రెండు చేతులతో ఒట్టు దింపి గట్టు మీద పెట్టాను.

“ఇవాల్టిదేనా?” అన్నాడు.

“అన్నీ. ఇప్పటివీ, ఇకమీదటివీ. దాన్నింక అడక్కు. నన్నూ అడక్కు.”

మా అయ్య ఆ గట్టుకేసి చాలాసేపు చూశాడు. నేను ఆయన మొహంలో సంతోషం కోసం చూశాను. అది కనిపించలేదు.

“మరి నాకు అడ్డెవులురా?” అన్నాడు.

నాలో ఉన్న వేళాకోళగాడు క్షణం కూడా ఆగలేదు. “గట్టుంది కదా,” అన్నాను.

ఆయన నవ్వాడు. నా మాటలకి ఎప్పుడూ నవ్వేవాడు, ఆ రోజూ నవ్వాడు. ఇంటికెళ్ళి మా చెల్లి పక్కన కూర్చుని, ‘అన్న తీసీసినాడమ్మీ, నీకింక బయం నేదు’ అని చెప్పాడు. అది గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు.

జ్వరాలు పోయాయి. మా చెల్లి బుగ్గలు నిండాయనీ, జుట్టు ఒత్తుగా వచ్చిందనీ మా అమ్మ కార్డు రాయించింది. మా అయ్య సంగతి ఆ కార్డులో లేదు. పక్క తోట మావ తరవాత చెప్పాడు: ఇంక సాయంత్రం దాకా ఆగేవాడు కాదట, పొద్దుటి మనిషే కనిపించడం మానేశాడట. మొక్కలకి ఉప్పు మా అమ్మే వేసేదట. ఎవరినీ కొట్టేవాడు కాదు, చెయ్యి లేచేది కాదు. కళ్ళు పచ్చబడి, కడుపు ఉబ్బి, ఏడు నెలలు. ఒక పొద్దున్న తోటలో మొక్కల వరసలో కూర్చుని, లేవలేదు.

మూడో రోజు చిన్నదినం. తోటలో ఆయన కూర్చునే చోట ఆకు వేసి, అన్నం, ఎండు చేపల పులుసు, ఆయనకి ఇష్టమని ఒక ముంత కల్లు పెట్టారు. కొడుకు ముట్టకపోతే పోయినవాడు ముట్టడని పెద్దవాళ్ళు ముంత నా చేతికిచ్చారు. పెదవులకి ఆనించి దింపేస్తే సరిపోతుంది. కాని అది నా మొదటి ముంత కాదు. హాస్టలు మిత్రులతో నేనూ ఆ విద్యలో కొంత దూరం వెళ్ళాను. తండ్రిని తలుచుకుని తాగడానికి నవ్వు పుట్టించే కారణాలు ఎన్నో చెప్పేవాణ్ణి. ముంత దింపేసరికి ఖాళీ అయింది. పక్క తోట మావ నా వీపు తట్టి, “అచ్చు మీ అయ్యేరా,” అన్నాడు. ఆయన ప్రేమగానే అన్నాడు. ఏడుస్తూ అన్నాడు.

అందరూ భోజనాలకి లేచాక మా చెల్లి నా ఎదురుగా వచ్చి నిలబడింది. తలంటు పోసుకుని, ఎండలో జుట్టు ఆరబెట్టుకుని వచ్చింది. ముంతను చూసింది. నా కుడి చెయ్యి పట్టుకుని ఎత్తి, తన నడినెత్తి మీద పెట్టుకుంది.

“అను,” అంది. ఆ వానాకాలం తరవాత నాతో అన్న మొదటి మాట.

“ఏమనాలి?”

“నీకు తెలుసు.”

ఒట్టు తియ్యడం నాకు ఏడో ఏటి నుంచి వచ్చు. వెయ్యడం ఎప్పుడూ చెయ్యలేదు. నవ్వించే మాట కోసం వెతికాను, ఒక్కటీ దొరకలేదు. అది కళ్ళెత్తి, రెప్ప వెయ్యకుండా, నా నోటి వంకే చూస్తూ నిలబడింది. నా అరచేతి కింద దాని తల వెచ్చగా ఉంది. ఎండకో, జ్వరానికో నాకు తెలియలేదు.